రాకెట్ కనుమరుగయ్యాక వెలిగే మంట

2024 ఫిబ్రవరి 17, సాయంత్రం ఐదున్నర. వాకాడు మండలం తూపిలిపాలెం ఒడ్డున దక్షిణానికి తిరిగి నిలబడ్డారు మీరు. కుడిచెంప మీద పొద్దువాలే ఎండ, ఎడమచెవిలో అలల హోరు. ఇసుకలోకి లాగిన పడవల మీద పిల్లలు, వలల పక్కన పెద్దలు. అందరి చూపూ శ్రీహరికోట వైపే.

5:35. సరుగుడు చెట్ల పైన నారింజరంగు నిప్పు, ఇంకా చప్పుడు లేదు. "లేచిందిరోయ్!" కింద తెల్లటి పొగ సాగుతోంది. 420 టన్నుల జీఎస్‌ఎల్‌వీ సముద్రం మీదికి వంగుతూ మీ ఎడమకు జరుగుతోంది. మోత ఇక్కడికి చేరేసరికి నిమిషం దాటింది. అది చెవికంటే ముందు రొమ్ముకు తెలుస్తుంది.

"అబ్బయా, ఇది తుపాను సంగతి చెప్పేదంట గదా?" పక్కనున్న ముసలాయన కాలేజీ కుర్రాణ్ని అడిగాడు.

"అవును తాతా, ఇన్శాట్-3డీఎస్."

"అంత పైకి ఈ రాకెట్టే మోసుకుపోద్దా?"

మోసుకుపోదు. పొగతోక వంకరపోయింది, జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని కదులుతున్నారు గానీ అసలు కథ ముందుంది. దాదాపు 19 నిమిషాలకు రాకెట్ 2,274 కిలోల ఉపగ్రహాన్ని కోలగా ఉన్న కక్ష్యలో వదిలి తప్పుకుంటుంది. అక్కణ్నుంచి 36 వేల కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యకు చేర్చేది ఉపగ్రహంలోనే ఉన్న చిన్న మోటారు, ల్యామ్. దాని తోపుడు 440 న్యూటన్లు. భూమ్మీదైతే 45 కిలోల బరువు ఆపగలదు, అంతే! ఇంధనం, ఆక్సీకారిణి రెండూ ద్రవాలే. కలిస్తే చాలు, వాటంతటవే భగ్గుమంటాయి. కావాలంటే ఆపి, మళ్లీ వెలిగించొచ్చు. అలా విడతలు విడతలుగా కక్ష్యను పెంచుతారు. 2002 సెప్టెంబరు 12న ఇదే కోట నుంచి వెళ్లిన వాతావరణ ఉపగ్రహం కల్పన-1ని పైకి చేర్చిందీ ఇలాంటి మోటారే.

1960 ఏప్రిల్ 1న అమెరికా పంపిన టైరోస్-1లోనూ బుల్లి రాకెట్లుండేవి గానీ వాటి పని వేరు. ఆ తొలి వాతావరణ ఉపగ్రహం బొంగరంలా తిరిగితేనే నిలకడగా ఉండేది. తిరుగుడు మందగిస్తే ఊపివ్వడానికి అడుగు అంచు చుట్టూ ఘన ఇంధన రాకెట్లను ఎదురెదురుగా, జతలుగా బిగించారు. ఒక జత ఒక్కసారి కాలితే సరి, మళ్లీ పనికిరాదు. నన్నడిగితే, ఒడ్డున చప్పట్లు కొట్టించుకునే పెద్ద రాకెట్ కంటే ఎవరికీ కనబడని ఈ చిన్నవాటి పనితనమే గొప్ప.

ఇన్శాట్ తీసే మేఘాల బొమ్మలను భారత వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ ఇంట్లో వేటకు వెళ్లేవాళ్లుంటే, వాయుగుండం అన్న మాట వినగానే అవి తెరిచి చూపించండి.