పిన్ను ఎక్కడ గుచ్చాలి?

ఒకప్పుడు పంపు స్టవ్వు మీద వంట చేసినవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ట్యాంకు నిండా కిరసనాయిలు వుంటుంది. చెయ్యి నొప్పి పుట్టేలా పంపు కొడుతూనే వుంటాం. అయినా మంట ఒక పక్క నీలంగా, ఒక పక్క ఎర్రగా లేచి గిన్నెకి మసి పూస్తుంది. లోపం కిరసనాయిల్లో లేదు, పంపులో లేదు. సూదిమొనంత కంతలో ఎక్కడో ఒక నలక అడ్డం పడింది. స్టవ్వు పిన్నుతో ఒక్కసారి పొడిస్తే చాలు, అంతదాకా అలిగి కూర్చున్న స్టవ్వు గుయ్యిమంటూ అందుకుంటుంది.

గంటకి 250 కిలోమీటర్లు పరుగెత్తే స్పోర్ట్స్ కారుకి వచ్చే జబ్బు కూడా ఒక్కోసారి అచ్చం ఇలాంటిదే. ఇంజెక్టరు చెడిందంటారు మోటారు పని తెలిసినవాళ్లు. ఇంజెక్టరంటే మరేం లేదు, పెట్రోలుని కొలిచి, వేళ తప్పకుండా, సన్నని తుంపరగా ఇంజనులోకి చిమ్మే నాజిల్. ఆరు సిలిండర్ల ఇంజనుకి ఆరు నాజిళ్లు. అందులో ఒక్కటి మొరాయిస్తే మిగిలిన అయిదూ ఎంత బాగా పనిచేసినా కారు నడక కుంటుపడుతుంది. పల్లకీ మోసే బోయీల్లో ఒకడి అడుగు తప్పితే లోపల కూర్చున్న పెళ్లికూతురికి తెలియకుండా వుంటుందా?

తెలుస్తుంది. కానీ ఎవడి అడుగు తప్పిందో తెలియడమే కష్టం. ఆ కష్టమైన పని మగవాళ్ల సొత్తని మనం చిన్నప్పటినించీ వింటూ వచ్చాం. మోటారు కారు చరిత్ర మొదటి పేజీ తిప్పితే మాత్రం అక్కడ కనిపించేది ఒక ఇల్లాలి చెయ్యి.

ఆవిడ పేరు బెర్తా బెంజ్. భర్త కార్ల్ బెంజ్ 1886లో తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన వ్యాపారంలో పెళ్లికి ముందే ఆవిడ కట్నం డబ్బు పెట్టుబడిగా పడివుంది. బండి అయితే తయారైంది గాని కొనేవాళ్లు లేరు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆవిడ భర్తకి చెప్పకుండా, పదిహేనేళ్ల యూజెన్‌నీ పదమూడేళ్ల రిచర్డ్‌నీ వెంటబెట్టుకుని, ఆ బండెక్కి మాన్‌హైమ్ నించి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. దూరం నూరు కిలోమీటర్లకి పైమాటే. ఇంతకీ ఎక్కడికంటారా? పుట్టింటికి!

దారిలో పెట్రోలు బంకులు ఎక్కడివి? వీస్లోక్ అనే వూళ్లో మందుల షాపుకెళ్లి, బట్టల మీద మరకలు పోగొట్టడానికి వాడే లిగ్రాయిన్ అనే ద్రావకం కొని ట్యాంకులో పోయించింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనిచేత తోలు వేయించింది. మధ్యలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోయింది. ఆవిడ టోపీకి పెట్టుకున్న పిన్ను తీసి గొట్టం శుభ్రం చేసింది. సాయంత్రానికి పుట్టిల్లు చేరింది. బండి పనికొస్తుందని లోకానికి రుజువైంది.

ఈ కథ చెప్పేవాళ్లంతా పిన్ను దగ్గర ఆగి ముచ్చటగా నవ్వుతారు. ఆడవాళ్ల అలంకార సామగ్రి కూడా పనికొచ్చిందే అన్నట్టు! నాకు మాత్రం పిన్ను గొప్పదనిపించదు. ఆ రోజుల్లో టోపీ పెట్టుకున్న ప్రతి స్త్రీ దగ్గరా పిన్ను వుండేది. దారిలో బండి ఆగిపోవడానికి కారణాలు బోలెడుంటాయి. ట్యాంకు ఖాళీ కావచ్చు, నిప్పురవ్వ పుట్టకపోవచ్చు, గొలుసు జారవచ్చు. ఇవేవీ కావు, గొట్టమే అని తేల్చుకున్నాకే కదా పిన్ను చేతిలోకి వచ్చింది! అదీ విద్య.

ఇక రెండో ఆవిడ కథ. ఈవిడ చేతిలో వున్నది పుట్టింటి ప్రయాణం కాదు, కుర్రవాళ్ల ప్రాణాలు.

1940లో ఇంగ్లండు ఆకాశంలో యుద్ధం జరుగుతోంది. బ్రిటిషువారి స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకి మెర్లిన్ ఇంజన్లు. వాటిలో పెట్రోలు అందించేది కార్బురేటరు. జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109లో ఇంజెక్షను పంపు. తరుముతూ వుంటే జర్మన్ పైలట్ చటుక్కున ముక్కు కిందికి వంచి జారిపోయేవాడు. వెనకాల వస్తున్నవాడు తనూ అలాగే వంచాడా, ఇంజను దగ్గి ఆగినంత పని చేసేది. గాలిలో ఆ రెండు మూడు క్షణాలు చాలు, కథ తిరగబడడానికి.

ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో ఈ జబ్బుని పట్టుకున్న ఇంజనీరు బియట్రిస్ షిల్లింగ్. 1909లో పుట్టింది. పధ్నాలుగేళ్లకే మోటారు సైకిలు కొనుక్కుని విప్పి చూసిన పిల్ల. మాంచెస్టర్‌లో ఇంజనీరింగు చదివింది. 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటమీద నార్టన్ మోటారు సైకిలుని గంటకి 100 మైళ్లు దాటించి బంగారు నక్షత్రం గెల్చుకుంది. తనని పెళ్లి చేసుకోవాలంటే నువ్వూ ఆ నక్షత్రం గెలవాలని కాబోయే భర్తకి షరతు పెట్టిందని కూడా చెప్పుకుంటారు.

విమానం ముక్కు వంచగానే కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు పైకి ఎగదన్ని, ఇంజనుకి ఒక్క క్షణం అందకుండా పోయేది. అది చిన్న దగ్గు. అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చేది. పెట్రోలుని అదుపులో వుంచే తేలుడు బుడ్డి తికమకపడి తలుపు బార్లా తెరిచేసరికి, పంపు నించి పెట్రోలు వరదలా వచ్చి పడి ఇంజను ఉక్కిరిబిక్కిరి అయ్యేది. రోగి ఆకలితో పడిపోయాడనుకున్నారు గాని, పొలమారి పడిపోయాడన్నమాట. మందు తేలికే. ఇంజను పూర్తి శక్తితో నడవడానికి ఎంత పెట్రోలు కావాలో లెక్కకట్టి, అంతే పారేలా మధ్యలో కంత వున్న చిన్న లోహపు బిళ్ల ఒకటి పెట్రోలు దారిలో అమర్చింది. ఇంజను విప్పనక్కర్లేదు, విమానాన్ని యుద్ధంలోంచి తప్పించనక్కర్లేదు. 1941 మార్చి నాటికి తన చిన్న బృందంతో విమానాశ్రయాలు తిరిగి ఆ బిళ్లలు బిగించింది. మరీ నిటారుగా తలకిందులైతే తప్ప ఇంజను ఆగకుండా ఆ బిళ్ల కాపాడింది. పూర్తి వైద్యం తర్వాత కొత్తరకం కార్బురేటర్లతో జరిగింది.

ఆ బిళ్లకి సైనికులు పెట్టిన పేరు 'మిస్ షిల్లింగ్ గారి కంత'. అందులో ఒక వెకిలి నవ్వు కూడా వుంది. అప్పటికి ఆవిడ మిస్ కాదు, పెళ్లయి మూడేళ్లు. తమ ప్రాణం కాపాడిన మనిషిని తల్చుకోవడానికి కూడా మగవాళ్లకి ఒక హాస్యం అడ్డం కావాలి కాబోలు!

యుద్ధం అయిపోయింది. జర్మన్ విమానాల్లోని ఆ ఇంజెక్షను విద్యే తర్వాత నేలమీదికి దిగింది. 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనలో మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. అనే స్పోర్ట్స్ కారుని చూపించారు. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. మూడు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, ఒక్కోదానికీ నేరుగా పెట్రోలు చిమ్మే బాష్ పంపు. రెక్కల తలుపుల కార్లు 1957 దాకా 1400 తయారయ్యాయి. అంత అందగత్తెకీ ఒక తెగులుంది. తాళం తిప్పి ఆపినా, ఇంజను పూర్తిగా నిలిచేదాకా పంపు పెట్రోలు చిమ్ముతూనే వుంటుంది. మండని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెని కడిగేసి, కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు మట్టం చూసే పుల్ల తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. నెయ్యి ముక్కిందో లేదో ముక్కుతో చెప్పగలిగిన మనకి ఈ పరీక్ష రాదనగలరా?

అలాంటి పాతకాలపు ఇంజను కుంటుతుంటే అనుభవమున్న మెకానిక్ చేసే పని చూడండి. ఇంజను తిరుగుతుండగా ఒక్కో ప్లగ్గు వైరూ తీసి చూస్తాడు. తీయగానే చప్పుడు ఇంకా పాడైతే ఆ సిలిండరు నికార్సైనదే. తీసినా తేడా లేదంటే దొంగ దొరికింది. ఆ ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. నల్లగా మసి పట్టి తడిగా వుంటే నాజిల్ కారుతోందేమో, తెల్లబడి వుంటే పూడుకుందేమో అని అనుమానం. చివరికి ఆ నాజిల్‌ని తీసి పక్క సిలిండర్లో పెడతాడు. జబ్బు కూడా నాజిల్‌తో పాటు పక్కింటికి వెళ్లిందా, ఇక సాక్ష్యాలు అక్కర్లేదు. మంచి చోటుని మంచి చోటని ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోతే మిగిలేదే చెడ్డ చోటు.

2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక మన దేశంలో పిల్లలు కాలేజీకెళ్లే స్కూటర్లక్కూడా ఇంజెక్టర్లే. యంత్రం తగిలిస్తే ఏదో ఒక అంకె చూపిస్తుంది. కార్లలోనైతే ఏ సిలిండరు తడబడుతోందో కూడా చెబుతుంది గాని ఎందుకో చెప్పదు. ఎందుకన్నది ఇప్పటికీ మనిషే ఆలోచించాలి.

షిల్లింగ్ 1969 దాకా ఉద్యోగం చేసింది. భర్తతో కలిసి స్పోర్ట్స్ కారు పందేలకి కూడా వెళ్లేది. 1990లో పోయింది. బెర్తా బెంజ్‌ని కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ పదవితో సత్కరించింది 1944 మేలో, ఆవిడ తొంభై అయిదో పుట్టినరోజున. ఆ తర్వాత రెండు రోజులకే ఆవిడ కన్నుమూసింది. గొట్టంలో నలక ఎక్కడుందో ఆవిడకి కొద్దిసేపట్లో దొరికింది. ఆ పని చేసింది ఎవరో గుర్తించడానికి లోకానికి 56 ఏళ్లు పట్టింది.