టీవీకి ఎంత దూరంలో కూర్చుంటారు?

మీ ఇంట్లో టీవీకీ, మీరు కూర్చునే కుర్చీకీ మధ్య దూరం ఎప్పుడైనా కొలిచారా? ఇప్పుడు కొలిచి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కాసేపట్లో దానితో పని పడుతుంది.

హై డెఫినిషన్ కథ మొదలయింది కూడా ఆ దూరం దగ్గరే. 1964 టోక్యో ఒలింపిక్స్ ముగిశాక జపాన్ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. ఇంజనీర్లు రాబోయే కాలపు టెలివిజన్ మీద పరిశోధన చేపట్టారు. అప్పట్లో జపాన్ టీవీ బొమ్మకు 525 గీతలు. (మన దేశంలో 625.) ఆ గీతలు విడివిడిగా కనబడకుండా ఉండాలంటే తెర ఎత్తుకు ఆరేడు రెట్ల దూరంలో కూర్చోవాలి. అంత దూరం నుంచి తెర చిన్న కిటికీలా ఉంటుంది. సినిమా హాల్లోలాగా బొమ్మ కళ్ళనిండా కనబడాలంటే మూడు రెట్ల దూరానికి జరగాలి. అక్కడ కూడా గీతలు కనబడకూడదంటే ఎన్ని గీతలు కావాలి?

జవాబు మన కంటిలోనే ఉంది. మామూలు చూపుగల కన్ను రెండు బిందువులను విడిగా గుర్తించాలంటే, అవి కంటి వద్ద కనీసం డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఏర్పరచాలి. 3.4 మీటర్ల దూరంలో ఒక మిల్లీమీటరు అన్నమాట. ఈ లెక్కన దాదాపు 1150 గీతలు కావాలి. ఎన్.హెచ్.కె. ఎంచుకున్నది 1125. తర్వాత వచ్చిన డిజిటల్ ప్రమాణంలో బొమ్మ చూపే గీతలు 1080గా స్థిరపడ్డాయి.

అయితే తొందరపడి కొన్నవారికి చిక్కులు తప్పలేదు. 1989లో జపాన్ మొదలుపెట్టిన ఉపగ్రహ ప్రసారాలు మ్యూజ్ అనే అనలాగ్ పద్ధతిలో సాగాయి. ప్రపంచం డిజిటల్ వైపు మళ్ళింది. 2007లో అవి ఆగిపోయాయి. డిస్కులదీ అదే దారి. 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరుతో డిస్కు మీద గుర్తులు మరింత చిన్నవిగా వేయవచ్చు. డివిడిలో ఒక పొరకు 4.7 గిగాబైట్లు పడితే హెచ్.డి. డివిడిలో 15, బ్లూ-రేలో 25 పడతాయి. ఈ రెండూ 2006లో బజారుకు వచ్చాయి. ఒకదాని డిస్కు రెండోదాని ప్లేయరులో పనిచేయదు. 2008 ఫిబ్రవరి 19న తోషిబా హెచ్.డి. డివిడిని వదిలేసింది. కొన్నవారికి పాత డివిడిలు చూపించే ఖరీదైన పెట్టె మిగిలింది!

ఇక కాగితం తీయండి. 32 అంగుళాల తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు. డివిడి బొమ్మలో అడ్డంగా 720 బిందువులు కనుక ఒక్కోటి దాదాపు మిల్లీమీటరు. 3.4 మీటర్ల అవతల కూర్చున్నవారికి సూక్ష్మ వివరాల్లో డివిడికీ హెచ్.డి.కీ తేడా దాదాపు తెలియదు. (రంగులు, వెలుగు సంగతి వేరు.) 1920 బిందువుల హెచ్.డి.లో ఉన్నదంతా చూడాలంటే 1.3 మీటర్లకు జరగాలి. 55 అంగుళాల తెరకు ఇవే దూరాలు 5.8, 2.2 మీటర్లు. అదే తెర 4కె అయితే 1.1 మీటర్లు. మీ గదిలో అంత దగ్గరగా ఎవరు కూర్చుంటారు?

చూడబోయేది దేనిమీద తీశారో కూడా గమనించండి. 1955 నాటి 'పథేర్ పాంచాలీ' 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీసినది. 1993లో లండన్ అగ్నిప్రమాదంలో నెగటివు దెబ్బతిన్నా, మిగిలిన భాగాల నుంచి 2015 నాటికి 4కెలో పునరుద్ధరించగలిగారు. 1980లలో వీడియో టేపు మీద తీసిన సీరియల్‌లో ఉన్నవి మాత్రం 625 గీతలే. దాన్ని చూడటానికైతే పాత టీవీయే చాలు.