సైన్స్ హోంవర్క్‌లో పాట, నాటకం ఎందుకు? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి ఇవీ

మీ పాపను సైన్స్ హోంవర్క్‌గా పాట రాయమన్నారా? బాబును జీర్ణవ్యవస్థ మీద స్కిట్ వేయమన్నారా? చంపాపేట్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ అన్ని కోచింగ్ బోర్డుల మధ్య ఇది టైం వేస్ట్‌లా అనిపించొచ్చు. కానీ ఇది టీచర్ సరదాకి ఇచ్చిన పని కాదు. దీని వెనక నిబంధనలున్నాయి, మార్కులూ ఉన్నాయి.

కళలతో కలిపి పాఠం చెప్పాలని జాతీయ విద్యా విధానం-2020 చెబుతోంది. సీబీఎస్‌ఈ అయితే 2020-21 నుంచి ఒకటి నుంచి పదో తరగతి వరకు ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. 9, 10 తరగతుల్లో ప్రతి సబ్జెక్టులోనూ కనీసం ఒకటి చేయాలి. అది ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లోకి వెళ్తుంది. తెలంగాణకు జోడీ రాష్ట్రం హరియాణా కాబట్టి, అక్కడి కళారూపంతో ప్రాజెక్టు చేయమని అడిగితే ఆశ్చర్యపోకండి. స్టేట్ సిలబస్‌లో ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లోని ప్రాజెక్టు పనిని టీచర్ ఇలా మలచుకోవచ్చు.

బొమ్మ గీస్తే సరిపోతుందా?

సరిపోదు. గుండె బొమ్మ గీసి రంగులేయడం డ్రాయింగ్ మాత్రమే. కళ ద్వారానే పాఠం అర్థం కావాలి. మనింట్లో పెళ్లికి కలిపే పారాణినే చూడండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పసుపు ఒక సూచిక, సున్నం క్షారం. ఆ ఎరుపుతో కాగితం మీద బొమ్మ వేయించి, దాని మీద నిమ్మరసం చుక్కలు వేయమనండి. చుక్క పడినచోట మళ్లీ పసుపు రంగు వస్తుంది. ఆమ్లాలు, క్షారాల పాఠం చేతిలోనే ఉంది, ఖర్చు దాదాపు లేదు.

బుర్రకథ ఇంకా బాగా సరిపోతుంది. హాస్యం చెప్పే వంత అడిగే అమాయకపు ప్రశ్నలే పిల్లల అసలు సందేహాలు. గ్రహణం రోజు అన్నం తినొచ్చా అని వంత అడిగితే, కథకుడు సమాధానం చెప్పక తప్పదు. చెప్పాలంటే ముందు తను చదవాలి కదా!

సైన్స్ నాటకాల పోటీ

చాలామంది తల్లిదండ్రులకు తెలియని అవకాశం ఇది. జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి (ఇది కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేస్తుంది) బడి పిల్లలకు సైన్స్ డ్రామా ఫెస్టివల్ నిర్వహిస్తుంది. జిల్లా, రాష్ట్ర స్థాయిలు దాటిన జట్టు దక్షిణ భారత పోటీకి, అక్కడ గెలిస్తే జాతీయ పోటీకి వెళ్తుంది. దక్షిణ భారత పోటీని చూసేది బెంగళూరులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం. నాటకాల అంశాలు ఏటా మారుతుంటాయి.

నేరుగా మీరు దరఖాస్తు చేసేది కాదు, బడి తరఫున వెళ్లాలి. సమాచారం జిల్లా సైన్స్ అధికారి దగ్గర దొరుకుతుంది. ఇక్కడో మెలిక ఉంది. చంపాపేట్ రంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది, పక్కనే ఉన్న సైదాబాద్ హైదరాబాద్ జిల్లా. మీ ఇల్లు ఎక్కడున్నా, బడి ఏ జిల్లాలో ఉందో చూసుకుని అడగండి.

సెలవు రోజు ఎక్కడికి?

నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌లో ప్లానెటోరియంతో పాటు ఆధునిక చిత్రకళా గ్యాలరీ కూడా ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే దగ్గర. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం చూపించాలంటే శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు.

ఖర్చు పెట్టాలా?

ప్రాజెక్టు తల్లిదండ్రులకు భారం కాకూడదని, చుట్టుపక్కల దొరికే వస్తువులే వాడాలని సీబీఎస్‌ఈ చెప్పింది. స్టేషనరీ షాపులో రెడీమేడ్ థర్మాకోల్ మోడల్ కొనిస్తే మార్కు రావొచ్చు, పాఠం రాదు. బడి కొనమంటుంటే సర్క్యులర్ సంగతి పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. మార్కులు దేనికి వేస్తున్నారో కూడా అడగండి: తళుకులకా, పిల్లాడు చెప్పిన వివరణకా?