తెర మూసినా పని ఆగకుండా: నోహప్ నుంచి రెప్టైర్ దాకా

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మనలో చాలామందిమి సెలవులకు ఊరెళ్లినా కాలేజీ సర్వర్‌కి ఎస్ఎస్‌హెచ్‌తో కనెక్టయి ప్రాజెక్టు పని చేసుకుంటాం. సిగ్నల్ కోసం గట్టెక్కి కూర్చుంటాం. మొన్న మా బ్యాచ్‌లో రాత్రంతా నడిచిన ప్రోగ్రాం ఒకటి తెల్లారేసరికి సిగ్నల్ పోగానే ఆగిపోయింది. సర్వర్ బాగానే ఉంది, కరెంటు కూడా పోలేదు. మరి ప్రోగ్రాం ఎందుకు పోయింది? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే యాభై ఏళ్ల చరిత్ర కనబడింది.

1970ల మొదట్లో, బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కొత్తగా ఉన్న రోజుల్లో, టెర్మినల్ అంటే టెలిటైప్ యంత్రం. దూరాన ఉన్నవాళ్లు ఫోన్ లైను మీద కనెక్టయ్యేవాళ్లు. లైన్ తెగితే మనిషి వెళ్లిపోయాడని లెక్క. అప్పుడు ఆ టెర్మినల్ మీది ప్రోగ్రాంలకి 'హ్యాంగప్' సంకేతం వెళ్లేది. దాని పేరే సిగ్‌హప్. ముందే ఏర్పాటు చేసుకోని ప్రోగ్రాం దాంతో ఆగిపోతుంది. ఫోన్లు మారాయి గానీ ఆ పద్ధతి మారలేదు. మా ప్రోగ్రాంని ఆపింది అదే.

దీనికి తొలి మందు నోహప్. ఆ సంకేతాన్ని పట్టించుకోవద్దని చెప్పి ప్రోగ్రాంని మొదలుపెడుతుంది. కానీ ఆ మాట మొదట్లోనే చెప్పాలి. 1980 ప్రాంతంలో బర్క్‌లీ యూనిక్స్‌లో జాబ్ కంట్రోల్ వచ్చింది. కంట్రోల్-జెడ్ నొక్కి ప్రోగ్రాంని ఆపడం, వెనక్కి పంపడం, మళ్లీ ముందుకు తెచ్చుకోవడం కుదిరాయి. అయితే అదంతా ఆ ఒక్క టెర్మినల్‌లోనే.

అసలు మలుపు 1987లో. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆలివర్ లౌమన్, కార్స్‌టెన్ బోర్మన్ 'స్క్రీన్' రాశారు. ప్రోగ్రాంకీ మనకీ మధ్య స్క్రీన్ కూర్చుంటుంది. ప్రోగ్రాంకి ఒక ఉత్తుత్తి టెర్మినల్ ఇచ్చి, దాన్ని తానే పట్టుకుని ఉంటుంది. మనం వెళ్లిపోయినా దానికి తెలీదు. ఇంకో ఊరి నుంచి, ఇంకో కంప్యూటర్ నుంచి వచ్చి మళ్లీ అందుకోవచ్చు. 2007లో నికొలస్ మారియట్ మొదలుపెట్టిన టీమక్స్‌దీ ఇదే దారి.

మరి స్క్రీన్ పెట్టడం మర్చిపోయి మొదలుపెట్టేస్తే? బ్యాష్‌లో 'డిజోన్' అంటే షెల్ ఆ ప్రోగ్రాంకి సిగ్‌హప్ పంపదు. కానీ దాని చూపు పాత టెర్మినల్ మీదే ఉంటుంది, మనకి మళ్లీ చేతికి రాదు. కొత్త టెర్మినల్‌కి లాగే పనిముట్లు కొన్ని వచ్చినా, వాటిలో కంట్రోల్-సి సరిగ్గా పనిచేసేది కాదు. 2011లో నెల్సన్ ఎల్‌హేజ్ 'రెప్టైర్' ఇచ్చాడు. డీబగ్గర్లు వాడే పీట్రేస్ సౌకర్యంతో అది నడుస్తున్న ప్రోగ్రాం లోపలికి వెళ్లి, పాత టెర్మినల్ ఉన్నచోట కొత్తది పెడుతుంది. ఆ ప్రోగ్రాం ఏ టెర్మినల్ మాట వినాలో కూడా మారుస్తుంది. అందుకే కొత్త చోట కంట్రోల్-సి కూడా పనిచేస్తుంది.

ఇక్కడో చిక్కుంది. ఒక ప్రోగ్రాం ఇంకోదాని లోపలికి దూరితే దొంగలకూ దారే కదా. అందుకని ఉబుంటు 10.10 నుంచి పీట్రేస్‌కి కట్టడి పెట్టింది. అడ్మిన్ అధికారం లేకపోతే రెప్టైర్ సాగదు. కాలేజీ సర్వర్‌లో ఆ అధికారం మన చేతిలో ఉండదు.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మేం నేర్చుకున్నది ఇంతే. సర్వర్‌లోకి వెళ్లగానే ముందు 'టీమక్స్' కొట్టండి, తర్వాతే పని మొదలుపెట్టండి. వదిలి రావాలంటే కంట్రోల్-బి, తర్వాత డి. తిరిగొచ్చాక 'టీమక్స్ అటాచ్'. సిగ్నల్ మన చేతిలో లేదు, పని నిలబెట్టుకోవడం మాత్రం ఉంది. మాకు ఒక రాత్రి పోయింది, మీకు పోకూడదు. హాస్టల్ గ్రూపుల్లో జూనియర్లకి కూడా చెప్పండి.