బొమ్మకూ ఒక స్వామ్యం: ఆకర గ్రంథాల్లో చిత్రాల సముచిత వినియోగం, దాని పుట్టుపూర్వోత్తరాలు

కాపీరైటుకు తెలుగులో చాలాకాలంగా ఉన్న మాట గ్రంథస్వామ్యం. పాత పుస్తకాల లోపలి పుటల్లో 'సర్వస్వామ్య సంకలితము' అని అచ్చువేసింది ఆ హక్కును చాటడానికే. పేరులోనే గ్రంథం ఉండటానికి కారణముంది. చట్టం మొదట కాపాడింది అక్షరాన్ని. బొమ్మ ఆ నీడలోకి ఆలస్యంగా వచ్చి చేరింది. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాల వంటి, చదువరులు అవసరమైనప్పుడల్లా తీసి చూసుకునే పుస్తకాలను ఆకర గ్రంథాలంటారు. స్వామ్యం తీరని వర్ణచిత్రాన్ని అనుమతి లేకుండా వీటిలో ఎంతవరకు అచ్చువేయవచ్చునన్న ప్రశ్న నేటికీ చిక్కుగా మిగలడానికి మూలం ఆ ఆలస్యంలోనే ఉంది.

1710లో ఇంగ్లండులో అమలైన ఆన్ రాణి చట్టం పుస్తకాలకు మాత్రమే వర్తించింది. విలియం హోగార్త్ అనే చిత్రకారుడు, రాగిరేకుల మీద చెక్కి అచ్చుతీసిన తన బొమ్మలను ఇతరులు దొంగతనంగా అచ్చువేసి అమ్ముకుంటున్నారని తోటి కళాకారులతో కలిసి మొరపెట్టుకోగా, 1735లో అచ్చుబొమ్మలకు రక్షణ దొరికింది. రంగులతో వేసిన చిత్రానికి ఆ భాగ్యం 1862 దాకా పట్టలేదు. ఈలోగా న్యాయస్థానాలు త్రాసు రెండో పళ్లెంలో పాఠకుడి అవసరాన్ని పెట్టసాగాయి. 1740లో గైల్స్, విల్కాక్స్ అనే ప్రచురణకర్తల మధ్య నడిచిన వ్యాజ్యంలో తీర్పు చెప్పిన హార్డ్విక్ ప్రభువు, శ్రమపడి నిజాయితీగా చేసిన సంక్షేపాన్ని చౌర్యంగా భావించరాదన్నాడు. 1841లో జార్జి వాషింగ్టన్ లేఖల విషయమై అమెరికాలో తలెత్తిన వివాదంలో న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ, తీసుకున్నది ఎంత, దేనికోసం తీసుకున్నారు, దానివల్ల మూల గ్రంథం గిరాకీ ఎంత దెబ్బతింటుంది అని విచారించాలన్నాడు. సముచిత వినియోగం అనే సూత్రానికి బీజం ఇక్కడే పడింది.

భారతదేశంలో 1847 నాటి చట్టం కూడా పుస్తకాలదే. బ్రిటిషు పార్లమెంటు 1911లో చేసిన చట్టాన్ని కొద్ది మార్పులతో 1914లో ఇక్కడికి తెచ్చాకే చిత్రలేఖనానికి పూర్తి స్వామ్యమూ, అధ్యయనానికీ పరిశోధనకూ విమర్శకూ కొంత మినహాయింపూ లభించాయి. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టి తెలుగులో ఆకర గ్రంథ రచనకు బాట వేసిన దశాబ్దం కూడా అదే. అయితే బడిపిల్లల సంకలనాల కోసం ఆ చట్టం ఇచ్చిన వెసులుబాటు సాహిత్య రచనల్లోని చిన్న భాగాలకే పరిమితమైంది. 1958 జనవరి 21న అమలులోకి వచ్చిన 1957 నాటి స్వతంత్ర భారత చట్టం సైతం 52వ సెక్షనులో ఆ వెసులుబాటును సాహిత్య, నాటక రచనల దగ్గరే ఆపింది. పద్యంలో రెండు పాదాలు ఉదాహరించినా వాటికి అర్థం నిలుస్తుంది. చిత్రంలో ఒక మూలను కత్తిరించి చూపితే ఆ కూర్పూ, రంగుల పొందికా పాఠకుడికి అందవు. అందువల్ల బొమ్మను ప్రచురించే ఆకర గ్రంథం ఆధారపడగలిగేది ముఖ్యంగా విమర్శ, సమీక్షల కోసం కృతిని వాడుకోవచ్చునన్న నిబంధన మీదనే.

ఈ చిక్కు ఉత్తరాంధ్రకు దూరపుది కాదు. శ్రీకాకుళంలో పుట్టి, నేటి అనకాపల్లి జిల్లాలోని కశింకోటలో స్థిరపడిన వడ్డాది పాపయ్య (1921–1992) చందమామ, యువ పత్రికల ముఖచిత్రాల ద్వారా, 'వ.పా' అనే పొట్టి సంతకం ద్వారా తెలుగువారి ఇళ్లలోకి ప్రవేశించాడు. తెలుగు చిత్రకళ గురించి రాసే ఏ ఆకర గ్రంథమూ ఆయనను వదిలిపెట్టజాలదు. ఆయన బొమ్మ చూపకుండా ఆయన రంగుల మెత్తదనాన్ని మాటల్లో చెప్పనూజాలదు. రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు 1925లోనే కన్నుమూసినందున, ఆయన జీవితకాలంలో ప్రచురితమైన చిత్రాల గడువు ఎప్పుడో తీరింది. పాపయ్య చిత్రాల సంగతి వేరు. 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాగూరు రచనల స్వామ్యం ముగియబోతున్న తరుణంలో, మరణానంతరం 50 ఏళ్లుగా ఉన్న గడువును 60 ఏళ్లకు పెంచుతూ 1992లో చట్టాన్ని సవరించారు. అదే ఏడాది డిసెంబరు 30న పాపయ్య మరణించాడు. లెక్క మరుసటి సంవత్సరారంభం నుంచి మొదలవుతుంది కనుక, ఆయన తన జీవితకాలంలో ప్రచురించిన చిత్రాలపై స్వామ్యం 2052 చివరిదాకా నిలుస్తుంది.

ఆ స్వామ్యం ఎవరిదన్నది ఇంకో ముడి. 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రతిఫలమిచ్చి వేయించుకున్న చిత్రానికి తొలి యజమాని వేయించుకున్నవారే; పత్రికలో ఉద్యోగిగా వేసిన చిత్రమైతే పత్రికా ప్రచురణకు సంబంధించిన హక్కు యజమానికీ, మిగిలినవి చిత్రకారుడికీ చెందుతాయి. కాబట్టి ఒక్కొక్క ముఖచిత్రం వెనుక ఒక్కొక్క ఒప్పందాన్ని వెదకవలసి ఉంటుంది. అనుమతి ఎవరిని అడగాలో తెలియని సంపాదకుడికి సముచిత వినియోగం ఒక్కటే దారిగా కనిపించేది ఇలాంటిచోటనే.

ఆ దారికి కొలతలున్నాయి. 1996లో కేరళ హైకోర్టు సివిక్ చంద్రన్ నాటకంపై వచ్చిన వ్యాజ్యంలో, తీసుకున్న భాగం పరిమాణం, దాని విలువ, తీసుకున్న ఉద్దేశం, రెండు కృతుల మధ్య పోటీ ఏర్పడే అవకాశం అనే అంశాలను పరిశీలించింది. చిత్రాలకు మరింత దగ్గరి తీర్పు 2006లో అమెరికాలో వచ్చింది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందం చరిత్రను కాలక్రమంలో చెప్పే 480 పుటల పుస్తకంలో, కచేరీ పోస్టర్ల, టికెట్ల మీది ఏడు బొమ్మలను బాగా చిన్నవి చేసి, వ్యాఖ్యల పక్కన అచ్చువేయడాన్ని న్యాయస్థానం సముచితంగానే భావించింది. ఆ తీర్పు భారతీయ న్యాయస్థానాలను కట్టడి చేయదు గానీ, సంపాదకులకు ఒక వివేకం నేర్పుతుంది: బొమ్మ గురించి మాట్లాడే వాక్యమే బొమ్మకు పుటలో చోటు సంపాదించిపెట్టాలి.

తరగతి గది సంగతి ఇంతకన్నా తేలిక. అనకాపల్లి జిల్లాలోనే ఉన్న రోలుగుంట బడిలో ఉపాధ్యాయుడు బోధనలో భాగంగా పాపయ్య చిత్రానికి నకలు తీసి పిల్లల ముందుంచితే, ఉపాధ్యాయుడూ విద్యార్థీ బోధనా క్రమంలో ఏ కృతికైనా నకలు తీసుకోవచ్చునన్న నిబంధన ఆయనకు అండగా ఉంటుంది. 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీల కేసులో హైకోర్టు ఆ బోధనా క్రమాన్ని తరగతి గది గోడలకు పరిమితం చేయలేదు. కానీ అదే చిత్రాన్ని పుటంతా పరచి, దాని గురించి ఒక్క మాటైనా రాయకుండా, అందం కోసం వేసి అమ్మే పుస్తకానికి ఈ రక్షణను కోరడం కష్టం.

వినియోగం సముచితమైనా తీరని బాకీ ఒకటుంది. 57వ సెక్షను, స్వామ్యం అమ్ముడుపోయిన తరువాత కూడా, కృతి తనదని చెప్పుకునే హక్కును, గౌరవానికి భంగం కలిగేలా దానిని వికృతపరచకుండా అడ్డుకునే హక్కును కర్తకే ఉంచింది. పుటకు సరిపడలేదని ముఖచిత్రం అడుగుభాగాన్ని కత్తిరించినప్పుడు, తరచుగా మొదట పోయేది ఆ మూలనున్న సంతకమే. చిత్రాన్ని ఎంత చిన్నది చేసినా 'వ.పా' అనే రెండక్షరాలను మిగల్చడం, వేసినవారి పేరునూ అచ్చయిన పత్రికనూ సంవత్సరాన్నీ కింద రాయడం, చదువు పేరిట తీసుకున్న ప్రతి ఆకర గ్రంథమూ ఆ చిత్రకారుడికి పడ్డ రుణం.