నెవాడా పిన్యన్ అడవి: గింజ, బొగ్గు, గొలుసు

అమెరికా పడమటి మెట్టసీమలో లోయల అడుగున సేజ్‌బ్రష్ పొదలు, కొండల నెత్తిన పొడవాటి చెట్లు పెరుగుతాయి. ఈ రెంటి నడుమ, దాదాపు 1,500 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో, పొట్టి చెట్లు ఎడంఎడంగా నిలబడి ఉంటాయి. ఏడాదికి 250 నుంచి 450 మిల్లీమీటర్ల వాన పడితే వాటికి చాలు. పిన్యన్ పైన్, జునిపర్ కలిసి పెరిగే అడవి ఇదే. కొలరాడో పీఠభూమి పిన్యన్‌కు సూదుల్లాంటి ఆకులు జంటలుగా వస్తాయి, నెవాడా పిన్యన్‌కు ఒంటిగా వస్తాయి. హైదరాబాదు డ్రైఫ్రూట్ దుకాణాల్లో అమ్మే చిల్గోజా హిమాలయాల్లో పెరిగే మరో పైన్ గింజ. పిన్యన్ గింజకు అది దాయాది.

పిన్యన్ గింజకు రెక్క లేదు. గాలి మోయలేని దాన్ని పిట్టలు మోస్తాయి. క్లార్క్స్ నట్‌క్రాకర్ నాలుక కింది సంచిలో తొంభై గింజల దాకా పడతాయి. పిన్యన్ జే పిట్టలు మందలుగా వచ్చి, గింజను ముక్కుతో పట్టి చూసి, తాలుదైతే పారేస్తాయి. చలికాలానికని మట్టిలో దాచినవాటిలో తిరిగి తీయనివి మొలకెత్తుతాయి. మొలకకు తొలి ఏళ్లలో నీడ కావాలి. అందుకే పొద కిందో జునిపర్ కిందో అది పుంజుకుంటుంది. జునిపర్ ముందు వచ్చి చోటు చేస్తుంది, పిన్యన్ తర్వాత వస్తుంది. కాయ పుట్టి పండడానికి మూడు వేసవులు పడుతుంది. మంచి కాపు కొన్నేళ్లకోసారి గానీ రాదు.

ఈ అడవి పూర్వచరిత్ర ప్యాక్‌రాట్ అనే ఎలుక గూళ్లలో దొరికింది. చుట్టుపక్కల పుల్లలు, ఆకులు, గింజలు తెచ్చి రాతి గుహలో పోగేసే ఈ ఎలుక మూత్రం గడ్డకట్టి, ఆ పోగును వేల ఏళ్లు చెడిపోకుండా ఉంచుతుంది. 1849లో బంగారం వేటలో నెవాడా ఎడారిలో దారి తప్పిన బాటసారులు కొందరు అలాంటి మెరిసే ముద్దలు చూసి మిఠాయి అనుకుని తిన్నారు. రుచి తియ్యగానే ఉందట, కడుపులో మాత్రం తిప్పిందట. 1964లో ఫిలిప్ వెల్స్, క్లైవ్ జోర్గెన్సెన్ అనే శాస్త్రజ్ఞులు ఈ పోగుల వయసు లెక్కగట్టి, నేటి ఎడారి కొండల మీద ఒకప్పుడు జునిపర్ అడవి ఉండేదని చూపారు. హిమయుగం ముగిశాక పిన్యన్ మెల్లగా ఉత్తరానికి జరిగింది. ఉత్తర నెవాడా కొండల్లో కొన్నిటికి అది చేరింది గత కొన్ని వేల ఏళ్లలోనే. అంటే ఈ అడవికి శాశ్వతమైన సరిహద్దు ఎన్నడూ లేదు. తర్వాత వచ్చినవాళ్లు మరిచిపోయింది సరిగ్గా ఈ సంగతినే.

ఈ సీమ మూలవాసులైన షోషోనీ, పైయూట్, వాషో ప్రజలకు ఈ గింజే చలికాలపు తిండి. ఆకురాలు కాలం మొదలయ్యే వేళకు కుటుంబాలు కొండెక్కి, పొడుగాటి కర్రలతో కాయలు దులిపి, నిప్పుల మీద కాల్చి విచ్చుకునేలా చేసేవి. గింజల్ని బుట్టలో నిప్పుకణికలతో కలిపి ఎగరేస్తూ వేయించి, పెంకు తీసి, విసిరి, ఆ పిండితో జావ కాచుకునేవారు. 1844 జనవరిలో ఆ దారిన వెళ్లిన అన్వేషకుడు జాన్ ఫ్రెమాంట్ బృందానికీ స్థానికులే ఈ గింజలు ఇచ్చారు.

1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి గని బయటపడింది. ఆ తర్వాత అక్కడే యురేకా అనే ఊళ్లో వెండీ సీసమూ కలిసిన ఖనిజం దొరికింది. దాన్ని కరిగించే కొలుములకు బొగ్గు కావాలి. దగ్గరలో రాతిబొగ్గు లేదు, పిన్యన్ ఉంది. ఆ కట్టె బరువైనది, జిగురు నిండినది, మంచి బొగ్గవుతుంది. ఇటలీ నుంచీ, స్విట్జర్లాండ్‌లో ఇటాలియన్ మాట్లాడే సీమల నుంచీ వచ్చిన పనివాళ్లు దుంగల్ని గుమ్మటంలా పేర్చి, మట్టి కప్పి, నిప్పంటించి రోజుల తరబడి కాపు కాసేవారు. దట్టంగా తెల్లగా వచ్చే పొగ పలచబడి నీలం తిరిగితే కట్టె బొగ్గయినట్టు. మట్టి ఎక్కడ పగిలినా గాలి చొరబడి పోగంతా బూడిదవుతుంది. అందుకే రాత్రీ పగలూ నిద్ర కాచేవారు. యురేకా చుట్టూ 1874 నాటికి 30 కిలోమీటర్ల మేర, 1878 నాటికి దాదాపు 80 కిలోమీటర్ల మేర అడవి ఖాళీ అయింది. బొగ్గు ధర తగ్గించారని పనివాళ్లు అడ్డం తిరిగారు. 1879 ఆగస్టు 18న ఫిష్ క్రీక్ దగ్గర షెరీఫ్ మనుషులు కాల్పులు జరిపి ఐదుగురిని చంపారు. బొగ్గు కాల్చేవాళ్ల యుద్ధమని ఆ ఊరి చరిత్రలో పేరు పడిన ఘటన ఇది. యుద్ధం అన్నారు గానీ, చచ్చింది ఒకవైపు వాళ్లే.

ఈలీ పట్టణం దగ్గర వార్డ్‌లో 1876లో కట్టిన ఆరు రాతి బట్టీలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తేనెతుట్టె ఆకారంలో ఉన్న ఒక్కోటీ 9 మీటర్ల ఎత్తు. ఖనిజం తరిగిపోగానే వాటిని వదిలేశారు. ఆ తర్వాత గొర్రెల కాపరులు వానకూ మంచుకూ వాటిలో తలదాచుకునేవారు.

అడవి పోయిన చోట పశువులు దిగాయి. గడ్డి తరిగే కొద్దీ చిన్న మంటలు పాకడం తగ్గింది. నరికిన వాలుల్లో జునిపర్, దాని వెనకే పిన్యన్ తిరిగి మొలిచాయి. కొన్నిచోట్ల మాత్రం పూర్వం చెట్టు లేని సేజ్‌బ్రష్ మీదికీ పాకాయి. 1950, 60లలో పశువుల యజమానులూ ప్రభుత్వ భూవిభాగాలూ ఈ రెండు సంగతుల్నీ ఒకటే చేసి, దీన్ని మేతభూమి మీద దండయాత్ర అన్నారు. రెండు బుల్‌డోజర్ల మధ్య ఓడ లంగరు గొలుసు కట్టి ఈడ్చి, లక్షల ఎకరాల్లో చెట్లు పీకేశారు. వాటి స్థానంలో పరాయి గడ్డి చల్లారు. 1981లో పిన్యన్ మీద పుస్తకం రాసిన రొనాల్డ్ లానర్ దీన్ని ఘాటుగా తప్పుపట్టాడు. దండయాత్ర చేశాయన్న చెట్ల కింద చాలాచోట్ల వందేళ్ల నాడు గొడ్డలితో నరికిన మోడులు ఇంకా కనబడతాయి. జునిపర్ కట్టె త్వరగా కుళ్లదు. ఇప్పుడు సేజ్ గ్రౌస్ అనే పొదల పక్షిని కాపాడటం కోసం చెట్లు తీస్తున్నారు. ఏ వాలు పాత అడవి, ఏది కొత్తగా ఆక్రమించినది అని మోడు చూసి, వలయాలు లెక్కపెట్టి తేల్చితేనే ఆ పని సబబవుతుంది.

2002 కరువులో పిన్యన్ చెట్లు ఐప్స్ అనే బెరడు పురుగుకు లొంగిపోయాయి. న్యూ మెక్సికోలో కొన్ని తావుల్లో పదింట తొమ్మిది చచ్చాయి. జునిపర్ మాత్రం చాలావరకు నిలిచింది, ఎండిన నేల నుంచి కూడా నీరు లాగే వేర్లు దానివి. పిన్యన్ జే పిట్టల సంఖ్యా 1960ల చివరి నుంచి నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గింది. పిన్యన్ చచ్చిన వాలుకు గింజ తెచ్చి మట్టిలో దాచాల్సినవి ఆ పిట్టలే.