పొట్టివాళ్ళు ఎగరకూడదా?

మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, అక్షరదోషాలుంటే దిద్దుకుని చదవండి.

మా మనవడి ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. బాస్కెట్‌బాల్ రింగు కంటే పైకెగిరి బంతిని చేత్తో లోపలికి దించాలని ఆరు నెలలుగా సాధన చేస్తున్నాడు. దాన్ని డంక్ అంటారు. వారం వారం వీడియో పెడతాడు. "పొట్టివాడికి ఎందుకీ పని" అని మనలో ఒకరు రాశారు. మా బడిలో కూడా ఇదే మాట చెప్పి మమ్మల్ని కోర్టులోకి రానివ్వలేదు. అందుకే ఈ చరిత్ర.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్ మాస్టారు పీచ్ పండ్ల బుట్టలను బాల్కనీకి కొట్టించారు. ఆ బాల్కనీ ఎత్తు 10 అడుగులు. నేటికీ రింగు అంతే! ఆయన పనిచేసింది వై.ఎం.సి.ఏ. బడిలో. మన మద్రాసులో 1920లో వ్యాయామ కళాశాల పెట్టిన బక్ దొర కూడా వై.ఎం.సి.ఏ. మనిషే.

అమెరికా కాలేజీ ఆటల్లో 1967 నుంచి 1976 దాకా డంక్‌ను నిషేధించారు. తర్వాత 1986లో డల్లాస్‌లో స్పడ్ వెబ్ డంక్ పోటీ గెలిచాడు. మా మనవడి కంటే పొడుగేమీ కాదు. ఓడిన డొమినిక్ విల్కిన్స్ 6 అడుగుల 8 అంగుళాలు, ముందు ఏడాది విజేత, పైగా వెబ్ జట్టువాడే.

ఎగరడం నేర్పే పద్ధతి సోవియట్ కోచ్ వెర్ఖోషాన్‌స్కీది. పెట్టె మీదనుంచి దిగి, కాళ్ళు నేల తాకీ తాకగానే పైకెగరాలి. సాగిన కండరం మన బోగీ కింది స్ప్రింగులా తిరిగి తన్నుతుంది. రోజూ చేస్తే మోకాళ్ళు పోతాయి, వారానికి రెండుసార్లే చెయ్యమన్నాం.

నిన్నటి వీడియోలో వేళ్ళు రింగుకు మూడంగుళాల కింద ఆగాయి. తిట్టేవారు చూసి తిట్టండి.